దుకాణమని రాసిన ఇల్లు

మేము ఇల్లు కొన్న ఏడాదే సర్కారు కన్ను మా మీద పడింది. అంతకుముందు ఆరేళ్లు ఒకరి పశువుల కొట్టం పక్కన గుడిసెలో అద్దెకున్నాం. అప్పుడు మేము బతికున్నామా లేదా అని ఎవరూ అడగలేదు. సొంతంగా రెండు గదులు, పైన గూన పెంకు, వీధివైపు ఒక అరుగు ఏర్పడగానే మేము ప్రజలమయ్యాం. ప్రజలంటే నైజాం సర్కారు లెక్కలో పన్ను కట్టగలిగినవాళ్లు.

ఆ ఊరు లింగంపేట దాటాక ఎల్లారెడ్డికి పోయే బాటలో ఉంటుంది. నా పెనిమిటి అక్కడ దర్జీ. నేను కామారెడ్డి పిల్లను. స్టేషన్లో మూటలు మోసే మా బాపు, ఏం తోచిందో గాని, నన్ను నాలుగో తరగతి దాకా బడికి పంపాడు. తెలుగు చదవడం, రాయడం బడిలో వచ్చాయి. ఉర్దూ మాట్లాడటం స్టేషన్ గేటు దగ్గర వచ్చింది. పెళ్లయిన కొత్తలో మా ఆయన ఈ సంగతిని ఇంట్లో ఎవరికో ఉన్న జబ్బును దాచినట్టు దాచాడు.

"నీకు సదువొస్తదని ఎవ్వలకు చెప్పకు. పట్వారి పంతులుకు కోపమొస్తది" అనేవాడు.

ఆయన మంచి పనివాడు. మనిషిని ఒక్కసారి చూస్తే చాలు, కొలత లేకుండా అంగీ కత్తిరించగలడు. కాని ఆ మనిషి అధికారి అయితే తలెత్తి చూడలేడు. అందుకే మా వైపు అధికారుల అంగీలన్నీ మెడ దగ్గర కాస్త వదులుగా ఉండేవి.

ఇల్లు కొనడమంటే అమ్మేవాడికి డబ్బిచ్చి తాళంచెవి తీసుకోవడమని నేననుకున్నాను. నా కాళ్ల వెండి కడియాలు అమ్మి ఆ డబ్బిచ్చాం. తర్వాత తెలిసింది, ఇల్లు కొన్నాక దాని కాగితం కూడా కొనాలని. స్టాంపు కాగితానికి ఒకరికి, దాని మీద రాసినందుకు ఇంకొకరికి ఇచ్చాం. సాక్షులిద్దరికీ కల్లు పోయించాం. చివరికి ఊరి లెక్కల్లో ఇల్లు మా పేరున ఎక్కించినందుకు పట్వారికి రెండు అంగీలు, అతని కూతురికి ఒక లంగా కుట్టిపెట్టాం. బట్ట ఆయనది. దారం, గుండీలు, కంటిచూపు మావి.

ఇది కొత్తేమీ కాదు. దీనికి వెట్టి అని పేరు. పట్వారి ఇంటికీ, పటేలు ఇంటికీ, తనిఖీకి వచ్చిన ప్రతి అధికారికీ దర్జీ కూలి లేకుండా కుట్టాలి. చాకలి కూలి లేకుండా ఉతకాలి. మంగలి కూలి లేకుండా గీయాలి. కుమ్మరి కుండలియ్యాలి. ఎందుకని అడిగితే, మీ తాతలు చేశారు కనుక అనేవారు. తాతలను అడగడానికి వీలులేదు కదా.

జర్మనీ యుద్ధానికి ఒకటి రెండేళ్ల ముందనుకుంటాను, ఊళ్లకు కొత్త హుకుం వచ్చింది. పది ఊళ్ల లెక్కలు తనిఖీ చేసే గిర్దావరు చావడిలో కూర్చుని దాన్ని అరగంటసేపు ఉర్దూలో చదివాడు. ఊరంతా చేతులు కట్టుకుని విన్నది. అయ్యాక పట్వారి దాన్ని తెలుగులో ఒక్క ముక్కలో చెప్పాడు.

"దుకాణముంటె సాలుకు రొండ్రూపాలు పన్ను. ఉత్త ఇల్లయితె ఏం లేదు. ఇగ పోండ్రి."

ఊళ్లో ఉన్న దుకాణం ఒక్కటే. పట్వారి బావమరిది నడిపే కిరాణం. ఉప్పు, బెల్లం, గ్యాసునూనె అన్నీ అక్కడే. పోనీలే, ఇన్నాళ్లకు ఆయన కట్టే రోజు వచ్చిందని అందరూ లోపల నవ్వుకుంటూ ఇళ్లకు పోయారు. నేనూ నవ్వాను.

రెండు నెలల తర్వాత పట్వారి మనిషి మా అరుగు మీద ఒక చీటీ పెట్టి పోయాడు. ఉర్దూలో ఉంది. మా ఆయన దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి, పామును ముట్టుకున్నట్టు వదిలేశాడు. నేను కొంగు నడుముకు చుట్టి పట్వారి ఇంటికి పోయాను. ఆయన వసారాలో తమలపాకు నములుతున్నాడు.

"పంతులూ, గీ చీటీ ఏంది?"

"దుకాణం పన్ను."

"మాకు దుకాణమేడిది? మాది ఇల్లు గద!"

"అరుగు మీద మిషిని పెట్టిండు గదనే నీ మొగడు. మిషినున్నకాడ దుకాణమున్నట్టె."

"మరి మీ బామ్మర్ది కిరాణమో?"

ఆయన నమలడం ఆపాడు. "గాయన రాత్రి గందుల్నె పంటడు. పండేది ఇల్లయితది" అన్నాడు.

మేము కూడా రాత్రిపూట అరుగు మీద కాదు, ఇంట్లోనే పడుకుంటామని చెప్పాను. ఆడదానితో వాదన ఏందని ఆయన లోపలికి పోయాడు.

మా ఆయన మాత్రం ఆ రాత్రి అన్నం తినలేదు. పొద్దున్నే లేచి, నేను నీళ్లకు పోయిన సమయంలో, రెండు రూపాయలు పట్టుకుపోయి కట్టి వచ్చాడు. నేను బిందె దించేసరికి చేతిలో రసీదు ఉంది.

"పీడ పోయింది. ఇగ నువ్వు నోరు తెరువకు" అన్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. రసీదు, చీటీ రెండూ కొంగున ముడివేసుకుని, మిరపకాయలు తీసుకుపోయే బండిలో ఎల్లారెడ్డి పోయాను. అక్కడ తహసీల్ కచేరీ ముందు అర్జీలు రాసిచ్చే ముసలాయన ఒకడు చెట్టు కింద చాప వేసుకుని ఉండేవాడు. నాకు ఉర్దూ మాట్లాడటం వచ్చని చూసి ముచ్చటపడ్డాడు. చీటీ కళ్ల దగ్గర పెట్టుకుని, నా వేలు పట్టి ఒక అక్షరం మీద పెట్టాడు.

"చూడు బేటీ, ఇది దుకాన్. ఇల్లయితే మకాన్. మొదటి అక్షరం ఒక్కటే తేడా."

ఆ ఒక్క అక్షరం మార్చడానికి ఏం కావాలని అడిగాను. స్టాంపు అంటించిన అర్జీ, దానికి నకలు, నాలుగైదుసార్లు రావడం పోవడం. అన్నీ కలిపితే నాలుగు రూపాయలకు తగ్గదన్నాడు. రెండు రూపాయలు అన్యాయంగా పోయాయని నిరూపించుకోవడానికి నాలుగు రూపాయలు న్యాయంగా పోగొట్టుకోవాలన్నమాట.

నేను చీటీ తీసుకుని లేవబోతుంటే ఆయన మళ్లీ ఆపాడు. హుకుం నకలు తన దగ్గర ఉందని, అందులో దుకాణమంటే ఏమిటో రాసి ఉందని చెప్పి చదివాడు. సొమ్ము తీసుకుని సరుకు అమ్మే చోటు గాని, సొమ్ము తీసుకుని పని చేసే చోటు గాని దుకాణమట.

"సొమ్ము తీసుకొని?" అన్నాను.

"సొమ్ము తీసుకొని" అన్నాడు ఆయన, నా ముఖం చూసి నవ్వుతూ. ఆయనకు రెండణాలు ఇవ్వబోతే తీసుకోలేదు. ఆ ఏడాది మా దగ్గర ఏమీ తీసుకోని మనిషి ఆయన ఒక్కడే.

ఇంటికి వచ్చేసరికి మా ఆయన గిర్దావరు షేర్వాణీ మీద వంగి ఉన్నాడు. బట్ట కిందటి వారమే వచ్చింది. దానితోపాటు ఆయన కొడుకులకు నాలుగు పైజామాలు. కుట్టడం అయ్యేదాకా ఆగాను. మూడో రోజు గిర్దావరు పట్వారిని వెంటబెట్టుకుని బట్టలకు తానే వచ్చాడు. మా ఆయన మడతపెట్టిన బట్టలు రెండు చేతులతో ఇవ్వబోయాడు. నేను ముందుకు వచ్చి వాటి మీద చెయ్యి పెట్టాను.

"సాబ్, కుట్టుకూలి మూడున్నర రూపాయలైతది."

గిర్దావరు నా వైపు చూడలేదు. మా ఆయనను చూశాడు. ఆయన గోడను చూస్తున్నాడు.

పట్వారి అరిచాడు. "పిచ్చి లేసిందానె? గిర్దావర్ సాబ్ దగ్గర కూలడుగుతవా?"

"నేనడుగుత లేను పంతులూ, సర్కారే అడుగమన్నది. మాది దుకాణమని మీరే రాసిండ్రు. పన్ను గట్టినం, రసీదున్నది. సొమ్ము తీసుకొని పని చేసేదే దుకాణమని హుకుంల ఉన్నది. ఉత్తగ కుడితె మాది దుకాణమెట్లయితది? మీ రాత తప్పయితది గద!"

అరుగు ముందు నలుగురు పోగయ్యారు. గిర్దావరు ముఖం కందింది. ఆయన తెలివైనవాడు. వెంటనే లెక్క వేసుకున్నాడు. ఏడాదికి సర్కారుకు వచ్చేది రెండు రూపాయలు, తన ఇంటిల్లిపాది బట్టలకు పొయ్యేది దానికి పదింతలు.

"దీన్ని మకాన్ అని మార్చు" అన్నాడు పట్వారితో, ఉర్దూలో. "ఆ రెండు రూపాయలు వీళ్ల మొహాన కొట్టు."

స్టాంపు లేదు, అర్జీ లేదు, నకలు లేదు. నాలుగు రూపాయల పని నోటిమాటతో అయిపోయేది. కాని నేను ఉర్దూలోనే చెప్పాను, మాకు దుకాణమే బాగుందని, పన్ను సంతోషంగా కడతామని. ఆ భాష నా నోట విని పట్వారి తూలినంత పని చేశాడు. గిర్దావరు బట్టలు అక్కడే వదిలేసి గుర్రమెక్కాడు.

మా ఆయన ఆ బట్టలు మళ్లీ మడతపెట్టి లోపల దాచాడు. సాయంత్రానికి చాకలి అన్న మా ఇంటికి వచ్చాడు.

"చెల్లె, మా ఇంటిని గూడ దుకాణమని రాస్తరా?"

మర్నాడు మంగలి వచ్చాడు, కుమ్మరి అవ్వ వచ్చింది. వారం తిరిగేసరికి పట్వారి వసారా ముందు పదిమంది నిలబడి, మా మీద పన్ను వేయండి అని బతిమాలుతున్నారు. కుమ్మరి అవ్వ రెండు రూపాయలు కొంగులో చూపిస్తూ, "తీస్కో పంతులూ, తీస్కో" అని ఆయన వెంట పడింది. ఆయన తలుపు వేసుకున్నాడు. పన్ను ఇస్తామని జనం తలుపు తట్టడం, పట్వారి గడియ పెట్టుకోవడం మా ఊళ్లోనే జరిగి ఉంటుంది.

నెల తిరగకముందే తహసీల్దారు లెక్కలు చూడటానికి మా ఊరి చావడిలో మకాం చేశాడు. ఆయన ముందు కూడా ఈ పదిమందీ నిలబడ్డారు. మొదట పన్ను వద్దంటున్నారనుకుని ఆయన కసిరాడు. కావాలంటున్నారని తెలిశాక పెన్ను కింద పెట్టాడు.

"నా నౌకరీలో ఇటువంటిది చూడలేదు. ఎందుకు కట్టాలనుకుంటున్నారు?" అని ఉర్దూలో అడిగాడు.

అందరూ నా వైపు చూశారు. నేను రసీదు చూపించి, జరిగింది జరిగినట్టు చెప్పాను. గిర్దావరు పక్కనే నిలబడి గడ్డం గోక్కున్నాడు. తహసీల్దారు దుకాణాల జాబితా తెప్పించాడు. అందులో ఒకే ఒక్క దుకాణం, మాది.

"ఇంత ఊళ్లో ఉప్పు ఎక్కడ కొంటారు?"

"కొనం సర్కార్," అన్నాను. "పంతులు బామ్మర్ది ఇంటికి చుట్టాలలెక్క పోతం. ఆయన ఉప్పిస్తడు, మేం పైసలిస్తం."

తహసీల్దారు పొట్ట కదిలేలా నవ్వాడు. ఆయన నవ్వాడు కనుక గిర్దావరూ నవ్వాడు. పట్వారి ఒక్కడే నవ్వలేదు. కిరాణం అప్పటికప్పుడు దుకాణాల్లోకి ఎక్కింది. మా రసీదు చెల్లుతుందని, షేర్వాణీకి, పైజామాలకు కూలి ఇవ్వాలని తహసీల్దారు చెప్పాడు. గిర్దావరు మూడున్నర రూపాయలు లెక్కపెట్టి నేల మీద పెట్టాడు. మిగతావాళ్ల సంగతి ఆలోచిస్తామన్నారు. ఇంకా ఆలోచిస్తూనే ఉండాలి.

నేను తహసీల్దారును పొగడటం లేదు. ఆ రెండు రోజులూ ఆయన మకాంలో వండిన కోళ్లు, తాగిన పాలు, గుర్రం తిన్న గడ్డి అన్నీ ఆ నిలబడ్డవాళ్ల ఇళ్లనుంచి ఊరికే పోయినవే. వాటికి రసీదు ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. అప్పటికి నా ధైర్యం అంతవరకే.

మరో ఏడాదిన్నర మేము కూలి తీసుకుని కుట్టాం. యుద్ధం వచ్చింది, బట్ట ధర, దారం ధర పెరిగాయి. అప్పుడే ఇంకో హుకుం వచ్చింది, ఊళ్లలో దుకాణం పన్ను తీసేశారని. ఈసారి పట్వారి చావడిలో చాటించలేదు. తానే మా ఇంటికి వచ్చాడు, చంకలో బట్ట పెట్టుకుని, పెళ్లిపిలుపుకు వచ్చినవాడిలా.

"ఇగ మీది దుకాణం గాదు. ఉత్త ఇల్లే. గీ రెండు అంగీలు ఎల్లుండికి గావాలె" అని బట్ట మిషను మీద పడేశాడు.

నేను లోపల పిండి కలుపుతున్నాను. చేతులు కడుక్కుని బయటికి వచ్చేలోగా మా ఆయన గొంతు వినిపించింది.

"అంగీకి ఆరణాలైతది పంతులూ."

గడపలోనే ఆగిపోయాను. ఆయన తలెత్తి చూస్తున్నాడు. పట్వారి అలవాటు కొద్దీ నా కోసం చూశాడు, తిట్టడానికి. నేను నోరు తెరవలేదు.

"ఎవలు నేర్పిండ్రురా నీకు?"

"ఎవ్వలు నేర్పలె. దారం పిరమైంది."

పట్వారి బట్ట చంకలో పెట్టుకుని పోయాడు. మా ఆయన కత్తెర పట్టుకుని మళ్లీ కింద పెట్టాడు. సూదిలో దారం ఎక్కించబోయాడు, ఎక్కలేదు. నేను పక్కన కూర్చుని ఎక్కించి ఇచ్చాను. ఇంటిమీదికి ఏం వస్తుందోనని ఇద్దరం నాలుగు రోజులు వీధివైపు చూస్తూ గడిపాం.

ఐదో రోజు పట్వారి మనిషి అదే బట్ట తెచ్చాడు. దాని మీద పన్నెండణాలు పెట్టి, ఎల్లారెడ్డిలో అంగీకి పదణాలడిగారని గొణుక్కుంటూ పోయాడు.