పాలపిట్ట కోసం రెండు కెమెరాలు: టేకులపల్లి అడవి అంచున ఒక దసరా

మా అక్క రాజేశ్వరికి ఈ దసరాకు పాలపిట్ట దర్శనం దక్కదేమోనన్న దిగులుతో మొదలైన ప్రయాణం ఇది. మా చిన్నప్పటి నుంచి దసరా నాడు ఇంటిల్లిపాదినీ వెంటేసుకొని ఖమ్మం పొలిమేరల్లోని చేలకు తీసుకుపోయి, పాలపిట్ట కనిపించేదాకా ఎవరినీ ఇంటికి రానిచ్చేది కాదు అక్క. ఈసారి బతుకమ్మకు పది రోజుల ముందు వాకిలి కడుగుతూ జారిపడింది. కుడికాలికి మోకాలి దాకా పట్టీ వేశారు. నెలన్నర వరకు కాలు కింద పెట్టవద్దన్నారు. మేం తిరిగిన చేలలో ఇప్పుడు ఇళ్ళు లేచాయి, మా వీధిలో తీగల మీద పావురాలు తప్ప మరొకటి వాలదు. నిరుడు ఒకతను బోనులో పాలపిట్టను పెట్టుకొని గడప గడపకూ వచ్చాడు. అక్క తలుపు వేసేసింది. "రెక్కలు కట్టేసినదాన్ని చూసి దండమెట్ల పెడ్తం? అది పాపం గాదా?" అన్నది.

అందుకే ఈసారి నేను పోయి పాలపిట్టను కెమెరాలో తెస్తానన్నాను. అక్క నవ్వింది. "తెస్తే తే. గని రెండు మాటలు ఇను సరోజా. పొద్దు గూకకముందే నాకు చూపియ్యాలె. రేపు చూస్తే అది పాలపిట్ట గాదు, ఉత్త పిట్ట. ఇంకోటి, గోడకు తగిలేసే బొమ్మ లెక్క ఉండొద్దు, రెక్క ఆడాలె."

రెక్క ఆడాలని అక్క ఊరికే అనలేదు. పాలపిట్ట వాలి ఉన్నప్పుడు మట్టి రంగులో మామూలుగానే ఉంటుంది. ఎగిరినప్పుడే ఆ నీలమంతా విచ్చుకుంటుంది. అంటే నేను తేవలసింది ఎగిరే పిట్టను.

మా ఇంట్లో రెండు కెమెరాలున్నాయి. నాది బ్రిడ్జ్ కెమెరా, లెన్సు దానికే అతుక్కొని ఉంటుంది, ఊడదు. భద్రాచలంలో ఉత్సవాలప్పుడు ఆడవాళ్ళ వరుసలో తాడు వెనక నిలబడి కూడా స్వామివారి ముఖం దగ్గరగా తీయాలని రెండేళ్ళ కిందట కొనుక్కున్నాను. చాలా జూమ్ కెమెరాల్లో బొమ్మను పట్టే సెన్సర్ కందిగింజంత ఉంటుంది, దీనిలో బొటనవేలి గోరంత ఉంటుంది. అందుకే బరువు కిలో దాటింది. రెండోది అక్క కూతురు శ్రావ్యది, మిర్రర్‌లెస్. దాని సెన్సర్ తపాలా బిళ్ళంత. లెన్సులు మార్చుకోవచ్చు. ఆమె దగ్గర రెండున్నాయి, దగ్గరివాటికి చిన్నది, దూరానికి కొంచెం పొడుగుది. "చిన్నమ్మా, నీదాంతోటి పెండ్లిల ముచ్చట్లు తీయొచ్చు గని పిట్టలను తీస్తరా?" అని శ్రావ్య ఎప్పుడూ ఏడిపిస్తుంది. ఏది కొనాలని నన్ను అడిగే మీకోసం కూడా ఈ ప్రయాణంలో రెండింటినీ పక్కపక్కన వాడి చూశాను.

బయలుదేరే ముందు రోజు నవమి. ఆయుధ పూజలో కుట్టుమిషను, మిక్సీ, కత్తిపీటలతో పాటు కెమెరాలనూ అమ్మవారి ముందు పెట్టాం. శ్రావ్య తన కెమెరాను, లెన్సులను విడివిడిగా మూతలు బిగించి పెట్టి స్నానానికి పోయింది. పూజ నేనే చేశాను. ఆ సంగతి గుర్తుంచుకోండి, దానితో పని పడుతుంది.

దసరా రోజు తెల్లవారుజామున అయిదింటికి ఖమ్మం బస్టాండులో ఇల్లెందు బస్సెక్కాం. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్ళకు సున్నా టికెట్టే. పండుగ నాడు జనం ఎక్కువ కాబట్టి పావుగంట ముందే వెళ్ళడం మంచిది. ఆరూ నలభైకి ఇల్లెందులో దిగాం. బస్టాండు పక్క హోటల్లో ఇడ్లీ ముప్పై, చాయ్ పది. రేకుల కప్పు కింద లోపలంతా ఇంకా మసకగానే ఉంది. పొయ్యి దగ్గరి ఆమె చాయ్ మరిగిస్తుంటే ఆవిరి వెనక ఆమె ముఖం, మంట వెలుగులో ముక్కుపుడక. ఇద్దరం తీశాం. నాదాంట్లో ముఖమంతా ఇసుక చల్లినట్టు వచ్చింది. శ్రావ్యదాంట్లో ముక్కుపుడక రాయి కూడా మెరుస్తోంది. చాయ్ పోసే ఆమె రెండూ చూసి, "నాకు ఈ బిడ్డ తీసింది పంపుండ్రి. ఆ అమ్మ తీసినదాంట్ల నేను బొగ్గుబాయిల నుంచి ఎక్కొచ్చినట్టున్న" అన్నది. మసక వెలుతురులో మిర్రర్‌లెస్‌దే పైచేయి. ఇందులో నాకు వాదన లేదు.

ఇంకో బస్సు పట్టుకొని ఏడున్నరకల్లా టేకులపల్లి చేరాం. అక్కడ రాములు అనే ఆటో ఆయనను రెండింటి దాకా ఏడు వందలకు మాట్లాడుకున్నాం.

"యాడికి పోవాలె అక్కా?"

"పాలపిట్ట ఉన్నకాడికి తమ్మీ."

"అదేమన్న దవాఖానానా అక్కా, గీడ దిగుండ్రి అని చెప్పనీకి?" అని నవ్వి బండి తీశాడు.

అడవి లోపలికే పోవాలని శ్రావ్య పట్టుబట్టింది. దారి పక్కన ఆటో ఆపించి, గాలి వీస్తుండగా చిన్న లెన్సు తీసి పొడుగుది తగిలించింది. టేకు చెట్ల మధ్య బండి బాట మీద రెండు గంటలు నడిచాం. ఎన్నో గొంతులు వినిపించాయి గాని పాలపిట్ట జాడ లేదు. పది దాటింది. రాములు బీడీ పారేసి, "మీరడగలేదు గనక నేను చెప్పలే. పాలపిట్టకు అడవిల ఏం పని? దానికి మిడతలు గావాలె. పత్తి చేన్లకాడ కరెంటు తీగెల మీద గూసుంటది" అన్నాడు.

"ముందే చెప్పొద్దా అన్నా?" అన్నది శ్రావ్య.

"నువ్వు అడవి అడవి అంటుంటివి. అడవి చూడనీకి వచ్చిండ్రనుకున్న."

తిరిగి చేల అంచుకు వచ్చాం. దూరంగా గుట్టలు, పైన తెల్లని ఆకాశం. ఆ దృశ్యం తీసిన శ్రావ్య ముఖం మారిపోయింది. ఆకాశంలో బూడిద రంగు గుండ్రటి మచ్చలు ఏడెనిమిది ఉన్నాయి. లెన్సు తుడిచి మళ్ళీ తీసింది. అవే మచ్చలు, అదే చోట. లెన్సు ఊడదీసి, సంచిలోంచి దాని వెనక మూత తీసి చూసింది.

"చిన్నమ్మా, ఇదేంది ఎర్రగ?"

"అమ్మవారి కుంకుమ బిడ్డా."

"మూత లోపట గూడ పెట్టినవా?"

"ఏ ముక్కకూ బొట్టు లేకుండ ఉండొద్దని అన్ని మూతలు తీసి పెట్టిన."

శ్రావ్య ఆ మూతను చున్నీతో తుడిచి సంచిలో వేసుకుంది. నేను చేసిన పొరపాటు అప్పుడు తెలిసింది. లెన్సు మార్చినప్పుడు ఆ పొడి గాలికి లేచి నేరుగా సెన్సర్ మీద పడింది. అక్కడ దాన్ని తుడిచే సాధనం మా దగ్గర లేదు. నా కెమెరాకూ అంతే భక్తితో బొట్టు పెట్టాను గాని దాని లెన్సు ఊడదు కాబట్టి బొట్టు బయటే ఉండిపోయింది.

పదకొండున్నరకు మొదటి పాలపిట్ట కనిపించింది, బాట పక్క తీగ మీదే. ఆటో ఆగీ ఆగకముందే ఎగిరింది. శ్రావ్య కెమెరా దాన్ని వెంటనే పట్టుకుంది గాని మచ్చలు సరిగ్గా దాని రెక్కల పక్కనే వచ్చాయి. నా కెమెరా పిట్టను వదిలేసి వెనకున్న చెట్టు కొమ్మలను స్పష్టంగా చూపించింది. ఎగిరేదాన్ని చటుక్కున అందుకోవడంలోనూ మిర్రర్‌లెస్‌దే పైచేయి. గడియారం చూసుకున్నాను. ఇంటి దగ్గర అక్క టీవీ ముందు కుర్చీ వేయించుకొని ఉంటుంది.

పక్క చేనులో పత్తి ఏరుతున్న ఒకామె మమ్మల్ని చూసి నడుము ఎత్తింది. పేరు లచ్చమ్మ. దూరంగా ఉన్న కోడలితో కోయ భాషలో ఏదో అని, మా దగ్గరికి వచ్చింది. "పిట్టను ఫోటో తీసి ఏం జేస్తరు?" అని అడిగింది. అక్క సంగతి చెప్పాను. కాలికి పట్టీ ఉందనీ, పొద్దు గూకకముందే చూపించాలనీ, బోనులోది చూడనన్నదనీ.

"మంచిగన్నది మీ అక్క" అన్నది లచ్చమ్మ. చేను దాటాక ఉన్న వాగు అవతలి ఒడ్డున ఎండిన మోడును చూపించింది. "గదో, ఆ మోడు దాని గద్దె. మిడతను చూసి కిందికి దుంకుతది, మల్ల గాడికే వస్తది. దాని ఎంబడి ఉరకకుండ్రి. మీరు ఆ మోడునే చూసుకుంట కదలకుండ కూసోండ్రి. వాగు దాటితె మాత్రం రాదు."

మేం కూర్చున్న చోటికీ మోడుకూ డెబ్బై అడుగులు పైనే ఉంటుంది. పావుగంటకు పాలపిట్ట వచ్చి వాలింది. శ్రావ్య తీసి చూపిస్తే లచ్చమ్మ కళ్ళు చిట్లించి, "నీదాంట్ల చీమ లెక్కున్నది బిడ్డా" అన్నది. శ్రావ్య దాన్ని పెద్దది చేసి చూపించింది. కొంత వరకు బాగానే ఉంది, ఇంకా పెద్దది చేస్తే కన్ను, ముక్కు కలిసిపోయాయి. నేను జూమ్ చివరిదాకా లాగాను. మెడ మీది సన్నటి గీతలు కూడా కనిపించాయి. లచ్చమ్మ వేలితో తెరను తాకబోయి ఆగింది. "అబ్బ, దీనికి కన్నీళ్ళొస్తె గూడ కనవడేటట్టున్నయి."

అప్పుడు లచ్చమ్మ మాటే నాకు దారి చూపింది. ఎగిరేదాన్ని వెంబడించే శక్తి నా కెమెరాకు లేదు. కాని మోడు ఎక్కడికీ పోదు. శ్రావ్య నా పక్కకు వచ్చి, "చిన్నమ్మా, ఫోకస్ మోడు మీద కట్టెయ్యి. జూమ్ కొంచెం వెనక్కి తే, రెక్కలు ఇప్పితే పట్టేటంత. స్లో మోషన్ పెట్టు" అని తన చేత్తోనే అన్నీ సరిచేసింది. తన కెమెరా పాడుచేసిన నాకు తనే నేర్పుతోంది. కిలో బరువును మోకాళ్ళ మీద ఆనించి, కంటిని వ్యూఫైండర్‌కు ఆనించి, రామనామం చెప్పుకుంటూ కూర్చున్నాను.

మూడుసార్లు దూకింది. మూడుసార్లూ నేను బటన్ నొక్కేసరికి ఆలస్యమైంది. స్లో మోషన్ కొన్ని క్షణాలే పడుతుంది, ముందే నొక్కితే అయిపోతుంది. నాలుగోసారి లచ్చమ్మ నా భుజం మీద చెయ్యి వేసి, "ఆగు... ఆగు... ఇగొస్తంది" అన్నది. నొక్కాను. పాలపిట్ట ముక్కున మిడతతో కింది నుంచి లేచి, మోడు ముందు రెండు రెక్కలూ పూర్తిగా విప్పి, నీలం మీద నీలం పరిచి, నెమ్మదిగా వాలింది.

తెర మీద మళ్ళీ వేసి చూసుకున్నాం. మొత్తం పడింది. శ్రావ్య నన్ను గట్టిగా పట్టుకుంది. అప్పుడు టైము ఒకటీ పది. లచ్చమ్మకు మేం తెచ్చిన పులిహోర, సకినాలు పెట్టాం. ఆమె తన కోడలి చేత గట్టు మీది జమ్మి కొమ్మ తెప్పించి మా చేతిలో పెట్టింది.

తిరుగు ప్రయాణమే భయపెట్టింది. టేకులపల్లిలో గంటసేపు బస్సు రాలేదు. ఇల్లెందులో ఎక్కిన బస్సులో నిలబడే చోటు కూడా లేదు. శ్రావ్య బ్యాగులో రెండు లెన్సులు, ఒక కెమెరా. నాది మెడలో ఒక్కటే, అయినా బరువు రెండింటిదీ ఒక్కటే అనిపించింది. ఖమ్మంలో దిగేసరికి అయిదూ ఇరవై. ఆటో పట్టుకొని ఇంటికి చేరేసరికి ఎదురింటి డాబా మీద ఎండ ఎర్రబడింది.

అక్క కొత్త చీర కట్టుకొని, కాలు స్టూలు మీద పెట్టుకొని, టీవీ ముందు కూర్చొని ఉంది. "ఇంకో పావుగంటల పొద్దు గూకుతది" అన్నది, అంతే. శ్రావ్య వైరు తగిలించి ముందు తన బొమ్మలే పెట్టింది. చాయ్ దగ్గరి ఆమెను చూసి అక్క, "ఎంత కళగున్నదో" అన్నది. గుట్టల మీది ఆకాశం వచ్చింది. అక్క చిత్రంగా చూసింది. "ఆకాశానికి దిష్టిచుక్కలు పెట్టిండ్రా ఏంది?"

"అవ్ అమ్మా, చిన్నమ్మ పెట్టింది" అని శ్రావ్య నవ్వింది. పొద్దుటి నుంచి నా గుండెలో ఉన్న బరువు ఆ నవ్వుతో దిగిపోయింది.

తర్వాత నా వీడియో. టీవీ నిండా మోడు. కింది నుంచి నీలం లేచింది. రెక్కలు ఒక్కొక్క ఈకగా విప్పుకున్నాయి. అక్క రెండు చేతులూ జోడించి, పిట్ట వాలేదాకా దించలేదు. మళ్ళీ వేయమంది. మళ్ళీ జోడించింది.

చేతులు దించి అడిగింది. "సరోజా, టీవీల చూస్తె చూసినట్టేనా?"

టీవీకి తగిలించిన నా కెమెరాను చేతిలోకి తీసుకున్నాను. పొద్దున్నుంచీ ఆ ప్రశ్నకే భయపడ్డాను. అప్పుడు గుర్తొచ్చింది. ఈ రెండు కెమెరాల్లోనూ కన్ను ఆనించే చోట అద్దం ఉండదు, చిన్న తెర ఉంటుంది. "అక్కా, అది రెక్కలిప్పినప్పుడు నా కన్ను దీంట్లనే ఉండె. నేను గూడ తెర మీదనే చూసిన."

అక్క నా ముఖంలోకి చూసి, "అట్లనా. అయితే ఇద్దరం ఒక్కతీరుగనే చూసినం" అన్నది. లచ్చమ్మ ఇచ్చిన జమ్మి ఆకు తీసి నా చేతిలో పెట్టి, "బంగారం" అని నన్ను దగ్గరికి తీసుకుంది. కిటికీలో ఇంకా వెలుగు ఉంది.

ఏ కెమెరా గొప్పదని అడిగితే నేనిలా చెబుతాను. మసక వెలుతురులో మనుషుల ముఖాలకు, చటుక్కున ఎగిరేవాటికి మిర్రర్‌లెస్ మంచిది. దూరపు పిట్టలకు దానికి ఇంకా పెద్ద లెన్సు కొనాలి, మోయాలి, దుమ్ములో మార్చేటప్పుడు జాగ్రత్త పడాలి. నాలాగా తాడు వెనక నిలబడేవాళ్ళకు, వాగు దాటకూడని చోట ఆగేవాళ్ళకు, ఒక్క లెన్సుతో అన్నీ కావాలనుకునేవాళ్ళకు పెద్ద సెన్సర్ ఉన్న బ్రిడ్జ్ కెమెరా చాలు. దాని చేతగానితనం తెలుసుకొని ఓపికగా కూర్చుంటే అది మోసం చేయదు. ఆ రోజు గెలిచింది నా కెమెరా అని శ్రావ్యే ఒప్పుకుంది. నా మటుకు నాకు గెలిపించింది లచ్చమ్మ చూపించిన మోడు, అన్నీ సరిచేసిన శ్రావ్య చెయ్యి.

ఇక ఒక సలహా. ఆయుధ పూజలో కెమెరాకు తప్పకుండా బొట్టు పెట్టండి, కాని తడి గంధంతో, మోసే సంచికి పెట్టండి. మూతలు మాత్రం తీయకండి. అమ్మవారికి సంచి మీది బొట్టు కూడా కనిపిస్తుంది.