కూరకి ఎన్ని కిలోలు?

హనుమంతరావు గారు ఏలూరులో ముప్పై నాలుగేళ్లు ఆడిట్ గుమాస్తాగా చేశారు. ఎదుటివాడి కాఫీ తాగితే ఎక్కడ మొహమాటపడాల్సి వస్తుందోనని ఆఫీసుకి ఫ్లాస్కు పట్టుకెళ్లిన మనిషి. అలాంటివాణ్ణి రిటైరయ్యాక ఊరికే కూర్చోనిస్తారా? కొల్లేటి కబడ్డీ లీగు పెట్టినవాళ్లు వచ్చి, జీతాల కమిషనరుగా ఉండమని బతిమాలారు. డబ్బున్న చేపల చెరువుల ఆసామి ఒక్కడే మంచి ఆటగాళ్లందర్నీ వేలంలో పాడేసుకుంటే ఇక ఆటేముంది? అందుకని ఏ జట్టైనా ఆటగాళ్లకిచ్చేదంతా కలిపి రెండు లక్షలు దాటకూడదని రూలు. చాటుగా పుచ్చుకున్న ఆటగాడు ఇంటికి. ఆ రూలుకి కాపలా ఈయన.

ఫైనల్ రోజు పొద్దున్నే తాడేపల్లిగూడెం జట్టువాళ్లు ఫిర్యాదు పట్టుకొచ్చారు. పెదపాడు జట్టు ఓనరు సత్తిబాబు తన రెయిడరు సూర్రావుకి లెక్కలో చూపించకుండా వారం వారం చేపలిస్తున్నాడట. హనుమంతరావు గారు ఆటో ఎక్కి పెదపాడు వెళ్లి, చెరువుగట్టు మీది షెడ్డులో విచారణ పెట్టారు.

"జీతం కాదండీ బాబూ, కూరచేప," అన్నాడు సత్తిబాబు. "వల లాగినోడికి కూరకో చేపివ్వడం మా తాతలనాటి నుంచీ ఉందండి. సూర్రావు మా చెరువులో వల లాగుతాడు కదండీ."

"ఎంతుంటుంది చేప?"

"ఆరు కిలోల బొచ్చెండి."

పుట్టి బుద్ధెరిగాక చేప ముట్టని మనిషాయె. ఆరు కిలోలంటే కూరో, పెళ్లి భోజనమో ఆయనకేం తెలుసు? ఎవర్నైనా అడుగుదామంటే కమిషనరుకి నామోషీ. ఇంట్లో వండే వంకాయ కూరని మనసులోనే తూచుకుని, "రెండు కిలోలు దాటితే కూర కాదు, జీతమే. సూర్రావు ఇవాళ ఆడ్డానికి వీల్లేదు," అని తేల్చేశారు.

సూర్రావు మొహం మాడిపోయింది. ముప్పై ఆరేళ్లొచ్చాయి. వచ్చే ఏడు అతన్ని ఎవరూ పాడుకోరు. ఆఖరి ఫైనలు.  అతని భార్య నాగదుర్గ కొంగు సర్దుకుని ముందుకొచ్చింది.

"ఏవండీ, మరి పనసకాయైతే ఎన్ని కిలోలండీ?"

"పనసకాయేమిటమ్మా?"

"సత్తిబాబు గారు వారం వారం మీ ఇంటికి పంపుతారు కదండీ. తెచ్చి దింపేది నేనే కదండీ. కూరకి బాగుందని మంగతాయారు గారు మొన్న కూడా అన్నారండీ."

 సత్తిబాబు చెరువుకేసి చూడసాగాడు.  హనుమంతరావు గారు రెండు నెలలుగా, భార్య మంగతాయారు ఆవ పెట్టి వండిన పనసపొట్టు కూర లొట్టలేసుకుంటూ తిన్నారు, మారడిగి మరీ వేయించుకున్నారు. ఎక్కడిదే అని ఒక్కనాడు అడిగితే ఒట్టు. ఆయనకి సిగ్గుతో తల కొట్టేసినట్టయింది.

"ఎంత తూగుతుందమ్మా?"

"తొమ్మిది కిలోలకి తగ్గదండీ. మోసేదాన్ని, నాకు తెలీదాండీ."

ఆయన ఆటగాళ్లని తొలగించే కాగితం తీశారు. తొలగించిన వ్యక్తి పేరు అన్నచోట 'హనుమంతరావు, కమిషనరు' అని రాశారు. కారణం అన్నచోట 'తొమ్మిది కిలోల కూర' అని రాసి, కింద సంతకం పెట్టి, పెన్ను జేబులో పెట్టేసుకున్నారు.

"మరి నా సంగతేంటండీ?" అన్నాడు సూర్రావు.

"నిన్ను ఆపాలంటే కమిషనరు సంతకం కావాలి. ఆ కమిషనర్ని ఇప్పుడే తీసేశాను. వెళ్లి ఆడుకో నాయనా."