సుజాత పట్టులంగా

ఈ రోజు హైదరాబాద్‌లో, ఖరీదైన పిల్లల బట్టలు కుట్టే నా షాపులో, ఒక పాపకు పట్టుగౌను కొలతలు తీస్తుంటే నా వేళ్లకు సుద్ద అంటింది. ఆ తెల్లటి వేళ్లు చూసుకోగానే మన ఊరు మర్రిగూడ గుర్తొచ్చింది. నాతో చదివినవాళ్లకు గుర్తుందా, బడి ఎదురుగా మా బాపు కుట్టుమిషను? ఇస్త్రీపెట్టెలో బొగ్గుల వాసన, మనం ఏరుకుపోయి బొమ్మలకు చుట్టిన గుడ్డపీలికలు?

మన సుజాత కూడా గుర్తుండే ఉంటుంది. ఊరి బోరునీళ్లలోని ఫ్లోరైడ్ వల్ల దాని కాళ్లు వంకరపోయాయి. వాళ్లక్క పెళ్లికని వాళ్లమ్మ పట్టుబట్ట మా దుకాణానికి తీసుకొస్తే, సుజాత మాత్రం గుమ్మం దాటి లోపలికి రాలేదు.

"నాకు లంగ ఒద్దు పెద్దబాపూ. ఒకదిక్కు లేస్తది, అందరు నవ్వుతరు."

"జర వచ్చి నిలబడు బిడ్డా. లంగ వంకరైతే తప్పు నాది, నీ కాళ్లది గాదు," అన్నాడు బాపు.

నేల మీద కూర్చుని, దాని చుట్టూ జరుగుతూ, జానెడుకొకసారి నడుము నుంచి నేల దాకా కొలిచాడు. ఆ ఒక్క లంగాకు రెండు రోజులు పట్టింది. కట్టుకుంటే పాదాల చుట్టూ అంచు ఒక్కతీరుగా నిలిచింది. సుజాత అద్దం ముందు చాలాసేపు కదలకుండా నిలబడింది. వాళ్లమ్మ ఏడ్చింది. బాపు ఇంకెవరిదో జాకెట్టు అందుకున్నాడు.

ఈ షాపు చూడకుండానే బాపు వెళ్లిపోయాడు. ఫ్యాషన్ ఎక్కడ చదివావని చాలామంది అడుగుతారు. "నాకు గూడ కుట్టుడు నేర్పు బాపూ" అని నేను మొదటిసారి అడిగింది సుజాత ఆ లంగా కట్టుకున్న సాయంత్రమే.