లోపలి గడియ

ఇది 2004 నాటి మాట. మాది నేరేడుచర్ల. పోలియో వల్ల చిన్నప్పటి నుంచి నాకు నడక లేదు. నా గదికి లోపలి గడియ మా అన్న పీకించాడు. "నువ్వు పడితే తలుపెట్ల తీస్తం? అయినా నీకు చాటెందుకు?" అన్నాడు. ఒకరోజు నేను చీర మార్చుకుంటుంటే రైస్ మిల్లు షావుకారును వెంటేసుకుని నేరుగా లోపలికొచ్చాడు. నేను దుప్పటి మీదికి లాక్కున్నాను. ఇద్దరూ నవ్వుకుంటూ బయటికి పోయారు. ఆ నవ్వు నేను మరువలేదు.

తర్వాత రాష్ట్ర వికలాంగుల మండలి నుంచి ఒక అక్క వచ్చింది. ఆమెదీ చక్రాల కుర్చీయే. మిర్యాలగూడలో ఎస్టీడీ బూతు నడుపుకుంటూ వేరే ఉంటానని నేనంటే అన్న ఎగిరిపడ్డాడు.

"ఇది ఒక్కతే ఎట్ల బతుకుతది?"

అక్క తన కుర్చీని నా వైపు తిప్పుకుంది. నన్నే చూసి, "నీకు ఏం సాయం కావాలమ్మా?" అంది. అంతకుముందు నన్నట్లా అడిగినవాళ్ళే లేరు.

"తలుపుకు గడియ కావాలె. నా చేతికి అందాలె."

మండలి వాళ్ళు మిర్యాలగూడలో ఒక కిరాయి గది చూసి, ఇంటి ఓనరుతో మాట్లాడి గుమ్మానికి ర్యాంపు పోయించారు, గడియ కిందికి పెట్టించారు.

నేను ఆ కిరాయి గదిలో దిగిన కొన్నాళ్ళకు, మిట్టమధ్యాహ్నం అన్న వచ్చి అలవాటుగా తలుపు తోశాడు. అది తెరుచుకోలేదు.

"తలుపు తియ్యి!" అని అరిచాడు.

"ఎవరు?" అన్నాను, గొంతు గుర్తుపట్టే.

"నేనే, అన్నను."

"చీర మార్చుకుంటున్న. జర ఆగు."

కట్టిన చీరతోనే కూర్చుని మెల్లగా చాయ్ తాగాను. "ఎవరు కావాలె?" అని పక్కింటామె ఆయన్ను నిలదీయడం వినిపించింది. గ్లాసు కడిగి బోర్లించాకే గడియ తీశాను.

తోడబుట్టినోని మీద ఇంత పగా అంటారేమో. అనండి. మా అన్న ఇప్పుడు తలుపు కొట్టి నిలబడతాడు. నేను ప్రతిసారీ "ఎవరు?" అనే అడుగుతాను.