జాబితాలో ఐదో పేరు

గురువారం. పొద్దున్నుంచి మబ్బు, చినుకు లేదు. షెడ్డు ఊడ్చి, నూలు పెట్టెలు గోడవారకు జరిపాను. షెడ్డు పనులు, మగ్గాల మరమ్మతులు రోజూ రాసే పుస్తకంలో ఇంతవరకు రాశాక కబురు వచ్చింది. మా మరమగ్గాల మెకానిక్ తెల్లవారుజామున పోయారు.

నగరిలో అందరికీ ఆయన భాయ్. ఇంట్లో ఉర్దూ, మాతో తెలుగు, చెన్నై నుంచి నూలు తెచ్చే డ్రైవర్లతో తమిళం. మగ్గం ఆగితే ముందు స్పానర్ పట్టేవారు కాదు. ఒక చేత్తో చక్రం మెల్లగా తిప్పుతూ, రెండో అరచెయ్యి ఇనుముకు ఆనించి కళ్లు మూసుకునేవారు. "మొండిది కాదప్పా, అలిగుండాది" అనేవారు. ఇది చదివే మీలో ఎవరో ఒకరు కట్టిన బట్ట ఆయన చెయ్యి దాటే వచ్చి ఉంటుంది.

పని వెతుక్కుంటూ నేను పుత్తూరు వైపు నుంచి వచ్చినప్పుడు, యజమాని దగ్గరికి తీసుకెళ్లింది ఆయనే. "సొంతంగా సదువు నేర్సుకున్నోడు. పుస్తకం ఈయప్పకియ్యి, తప్పు రాయడు" అన్నారు.

సరిహద్దు వార్తలతో ఫోన్లు మోగిపోయిన రోజుల్లో ఒక నేతగాడు ఎకసెక్కంగా అడిగాడు. "ఏం భాయ్, యుద్ధమొస్తే యాడికి పోతావు?"

"యాడికి పోతానబ్బా? ఆరో మగ్గం కిందికి. ఎట్లాగూ దాని పట్టీ సూడాల."

అందరూ నవ్వారు. ఆయన చివర్లో నవ్వారు.

ఆ వారమే, బయటి ఊళ్లనుంచి వచ్చి పనిచేసేవాళ్ల పేర్లు, చిరునామాలు రాసిమ్మని పోలీసులు అన్ని షెడ్లకూ చెప్పారు. మా దగ్గర ఉత్తరాదివాళ్లు నలుగురు. నాలుగు పేర్లు రాశాను. ఐదోది ఆయన పేరు రాశాను. ఎవరూ రాయమనలేదు. ఆయన పుట్టింది మూడు వీధుల అవతల. బయటినుంచి వచ్చింది నేను. నా పేరు అందులో లేదు.

ఆయన కాగితం చూశారు. "ఇంటి నంబరు తప్పుండాదప్పా. పదిహేడు కాదు, పంతొమ్మిది. పాపం, వాళ్లు ఎతుక్కుంటా తిరగాల."

నంబరు దిద్దాను. పేరు కొట్టెయ్యలేదు.

ఆయన ఇంటికి ఎవరూ రాలేదు. కానీ మర్నాటినుంచి షెడ్డులోకి రాగానే ఆధార్ కార్డు తీసి నా పుస్తకం మీద పెట్టి, ఆ తర్వాతే పనిముట్ల సంచి విప్పేవారు. వెళ్లేటప్పుడు తీసుకునేవారు.

"ఏంది భాయ్ ఇది?" అని ఒక్కసారి అడిగాను.

"ఉండనీలేప్పా, ఫ్యాను గాలికి నీ కాగితాలు ఎగరకుండా."

కోపమో, హాస్యమో తెలియలేదు. తప్పు నాదేనన్న మాట నోటిదాకా వచ్చి ఆగేది. రేపు చెబుదామనుకుంటూ ఇన్నాళ్లు గడిపాను.

మధ్యాహ్నం ఖబరస్తాన్‌కు వెళ్లి మూడు పిడికిళ్ల మట్టి వేసి వచ్చాను. వచ్చేసరికి ఆరో మగ్గం ఆగి ఉంది. మిగతావి ఆడుతున్నాయి. చక్రం తిప్పి అరచెయ్యి ఆనించాను. పక్క మగ్గాల అదురు తప్ప ఏమీ అందలేదు. పుస్తకం తెరిచాను. ఫ్యాను గాలికి పేజీ లేస్తోంది. ఎడంచేత్తో నొక్కిపెట్టి రాశాను:

ఆరో మగ్గం. మధ్యాహ్నం ఆగింది. బాగుచేసినవారు: