పన్నెండో ఫొటో

ఇల్లందు బస్టాండు పక్కన స్టూడియో పెట్టిన చెంచురామయ్య "గడ్డం ఎత్తు, మెడ నిలుపు, నవ్వు" అని సతాయించకుండా ఎవరి ఫొటోనూ తీసి ఎరగడు. ఆయన పెద్ద కెమెరాలో రీలుకు పన్నెండు ఫొటోలే వస్తాయి. పన్నెండూ తీస్తేగాని రీలు కడగడు. తండా నుంచి గోరి, అంతకుముందే దిగిన తన ఫొటో కోసం మూడోసారి వచ్చిన రోజున కూడా రీలులో ఇంకొకటి మిగిలే ఉంది.

"ఇంకొకళ్లు రావాలి. పై వారం రా," అన్నాడు.

గోరి సంతకు తెచ్చిన గంపలోంచి గుమ్మడికాయ తీసి స్టూలు మీద కూర్చోబెట్టింది.

"వచ్చింది. తియ్యి."

చెంచురామయ్య కెమెరా సర్దుకుని తీశాడు.

మర్నాడు రెండు ఫొటోలూ బయట అద్దాల పెట్టెలో పక్కపక్కనే పెట్టాడు. కిటికీ వెలుగులో గుమ్మడికాయ మహారాణిలా కొలువు తీరింది. గోరి మాత్రం ఠాణాలో కూర్చోబెట్టినట్టు బిగుసుకుపోయింది. బస్సు దిగినవాళ్లంతా ఆగి కాయనే మెచ్చుకుంటున్నారు.

"చూశావా, అదెంత బుద్ధిగా కూర్చుందో," అని, ఫొటో కోసం మళ్లీ వచ్చిన గోరితో మురిశాడు చెంచురామయ్య.

"దాన్ని గడ్డం ఎత్తమన్నవా, నవ్వమన్నవా? దాని మానాన దాన్ని ఇడిసిపెట్టినవ్." గోరి లోపలికి నడిచి స్టూలు మీద కూర్చుంది. "ఇప్పుడు నన్ను గూడ గట్లనే తియ్యి. నోరు మెదపకుంట."