రాయకుండా వదిలేసిన వాక్యం

మాది కోరుట్ల. ఇంటి నుంచే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తాను. ఆసుపత్రుల మెసేజ్‌లను వరుసలో పెట్టి ఒక్కొక్కటిగా పంపే మూల ప్రోగ్రామ్ నేనే రాశాను. దాన్ని ఎలా వాడుకోవాలో మిగతావాళ్లకు డాక్యుమెంట్ కూడా రాశాను. పంపే పని మధ్యలో ఆగితే అదే మెసేజ్ మళ్లీ వరుసలోకి వస్తుందని, అది రెండోసారి పోకుండా చూసుకోవాలని మాత్రం రాయలేదు. అందరికీ తెలిసిందేగా అనుకున్నాను.

ఒక మధ్యాహ్నం, సిరిసిల్లలో మరమగ్గాలు నడిపే మామయ్య జగిత్యాల నుంచి ఫోన్ చేశాడు. "బిడ్డా, గీ దవాఖానల రక్తం కావాల్నని ముప్పైసార్లు మెసేజ్ అచ్చింది. ఎవరి పానం మీదికి అచ్చిందో అని సాంచాలు బంద్ వెట్టి బస్సెక్కిన. ఈడ నా అసొంటోళ్లు యాభై మంది ఉన్నరు. రక్తం ఎప్పుడో దొరికిందంట!"

వెంటనే రికార్డు తెరిచి చూశాను; పంపే పని మధ్యలో ఆగిన ప్రతిసారీ అదే మెసేజ్ మళ్లీ అందరికీ వెళ్లింది. రక్తదాతలకు మెసేజ్‌లు పంపే ప్రోగ్రామ్‌ను నా ప్రోగ్రామ్ ఆధారంగా రాసింది కొత్తగా చేరిన శ్రీలత. సాయంత్రం మీటింగ్‌లో మేనేజర్ ఆమెను అందరి ముందూ తిట్టాడు.

"అక్కా, నీ డాక్యుమెంట్ రెండుసార్లు సదివిన. గా ముచ్చట అండ్ల లేదు" అంది ఆమె, మెల్లగా.

"లేదు. తప్పు నాదే" అన్నాను.

తెలిసినవాళ్లకు డాక్యుమెంట్ అక్కర్లేదు. ఇన్నేళ్లూ నేను వాళ్ల కోసమే రాస్తున్నానని ఆ రోజే తెలిసింది.